మరచెంబు మూత

మా బావ, అంటే మా ఆయన అన్న, బతికున్నంత కాలం నలుగురిలో నన్ను మెచ్చుకుంటూనే ఉన్నాడు. "మా తమ్ముని పెండ్లాం బంగారమసొంటిది. ఇంతవరకు నా ముంగట నోరు తెరవలే" అనేవాడు. మా ఇళ్ళల్లో ఆచారం అది. భర్త అన్నతో తమ్ముడి భార్య మాట్లాడకూడదు. ఆయన ఎదురుగా కూర్చోకూడదు, తల మీద కొంగు జారనివ్వకూడదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే గోడకో, పొయ్యికో చెప్పినట్టు చెప్పాలి, వినవలసినవాళ్ళు వింటారు. ఆ ఆచారం నా నోరు నొక్కేసిన రోజు ఒకటుంది. అదే ఆచారాన్ని అడ్డం పెట్టుకుని నేను కక్ష తీర్చుకున్న ఏళ్ళు చాలా ఉన్నాయి. వాటి గురించి చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

నిజాం రోజులు పోయాక మా మామ ఒక జాగీర్దారు ఇంటి నుంచి పాత లండను మోటరు కొన్నాడు. కొంతకాలం తిరిగి అది మూలబడింది. నేను కాపురానికి వచ్చేసరికి బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసిపోయింది, కచేరీల్లో ఉర్దూ పోయి కన్నడం వచ్చింది, మోటరు మాత్రం వాకిట్లో వేపచెట్టు కింద అలాగే ఉంది. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. పొద్దున్నే ఆ గుడ్లు ఏరుకు రావడం కొత్త కోడలిగా నాకు అప్పగించిన మొదటి పని. ఒక చేత్తో గుడ్లు పట్టుకుని, రెండో చేత్తో ఇంజను మూత ఎత్తి లోపలికి చూసేదాన్ని.

నాకు ఇంజను కొత్త కాదు. మా తల్లిగారి ఊరు ధన్నూర. అక్కడ మా నాయన పిండి గిర్ని నడిపేవాడు. నడుస్తున్న ఇంజను ఆగితే నాయన ముందు దాన్ని నోరారా తిట్టేవాడు, ఆ తర్వాత నూనె గొట్టం విప్పి ఊదేవాడు. "మనిషైనా ఇంజనైనా ఒకటే బిడ్డా. ముందుగాల కూడు అందుతాందా లేదా సూడాలె. మిగిలిన రోగాలు ఆ ఎనుక" అనేవాడు. పెళ్ళప్పుడు ఆయన నాకు మంచం, గిన్నెలు, ఇత్తడి మరచెంబు ఇచ్చాడు. ఈ మాట మాత్రం లెక్కలో రాలేదు.

మా ఆయన నెమ్మదస్తుడు. లారీల మీద తిరిగి డ్రైవింగు నేర్చుకున్నాడు. మోటరు లేస్తే కిరాయికి తిప్పుకోవచ్చని ఆశ. మెకానిక్కును పిలిస్తే, ఈ బండి సామాను బొంబాయిలో కూడా దొరకదని చెప్పి చాయ్ తాగి వెళ్ళిపోయాడు. దొరకని సామాను కోసం ఏడవడం కంటే ఇంట్లో ఉన్నదేదో వెతుక్కోవడం మేలనుకున్నాను.

పెట్రోలు ట్యాంకు అడుగున అతుకు దగ్గర చెమ్మ కారేది. బట్టల సబ్బు తీసుకుని, నీళ్ళు తగలనివ్వకుండా, ఆ అతుకులోకి బొటనవేలితో నొక్కి నొక్కి నింపాను. నీళ్ళకు కరిగే సబ్బు పెట్రోలుకు కరగదు. అది నాయన గిర్నిలో చేయగా చూసిందే. అప్పుడప్పుడూ మళ్ళీ నింపాలి, అంతే. కార్బొరేటరు విప్పితే దాని మూత కింద ఉండాల్సిన అట్ట చీకిపోయి ఉంది. మా లగ్గం కార్డు మంచి దళసరిది. దాన్ని కొలతకు కత్తిరించి పెట్టాను, మా ఇద్దరి పేర్లూ లోపలి వైపుకు వచ్చాయి. సన్న కన్నాల్లో తుప్పు ఇరుక్కుంటే చీపురుపుల్లతో తీశాను. తీగె పెడితే కన్నం పెద్దదై ఇంజను తాగుబోతు అవుతుంది. లోపల తేలాల్సిన ఇత్తడి బుడ్డి చిల్లిపడి మునిగిపోతుంటే గిన్నెలకు కళాయి పోసేవాడి చేత ఒక బొట్టు వేయించాను. పెట్రోలు పోసేటప్పుడల్లా నా పాత నేత చీర మడతలు పెట్టి వడగట్టేవాళ్ళం. ట్యాంకు మూత ఎప్పుడో పోయింది. అక్కడ నా మరచెంబు మూత పెట్టి, చుట్టూ సైకిలు ట్యూబు ముక్క బిగించాను. కొలిచి పోసినట్టు కూర్చుంది.

మా బావ వాకిట్లో మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తూ ఇదంతా చూసేవాడు. ఆయనకు గంజి బజారులో ధాన్యం దుకాణం. "తమ్మీ, ఇగ ఇంజన్ల పోపు కూడ పెట్టమను" అని నవ్వేవాడు. నేను వేపచెట్టుకు చెప్పేదాన్ని: "పెట్రోలు కాడ బీడీ తాగెటోళ్ళకు మీసాలు కాలుతయి."

మోటరు లేచింది. లేచిందే గానీ ఒక కొత్త రోగం పట్టుకుంది. జనవాడ దారిలో ఒక మోరీ, అంటే చిన్న కల్వర్టు, ఉంది. బయల్దేరిన బండి సరిగ్గా అక్కడికి పోయి ఆగిపోయేది. మా ఆయన దిగి, మూత తీసి పెట్రోలు చూసి, మళ్ళీ బిగించి హ్యాండిలు తిప్పితే బతికేది. ఇంకాస్త దూరం పోయి మళ్ళీ ఆగేది. "మోరీ కాడ ఏదో ఉన్నది" అని ఆయన నిమ్మకాయ కోసి దిష్టి తీసి వచ్చాడు. ఆ రోజే నేను వంటింట్లో కొత్త నూనె డబ్బాకు కన్నం కొట్టి వంపబోతే నూనె రాలేదు. రెండో పక్క ఇంకో కన్నం కొడితే గాలి లోపలికి పోయి నూనె ధారగా వచ్చింది. ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే. అలాగే డబ్బా పక్కన పెట్టి వాకిట్లోకి పోయి, మరచెంబు మూత విప్పి, మేకుతో నడిమధ్య సన్న కన్నం పెట్టాను.

"గాలి పోయే తొవ్వ లేక ట్యాంకి ఊపిరాడకుండ అయింది. మూతకు కన్నం పెట్టిన" అని మా ఆయనతో చెప్పాను. తల ఊపాడు. తల ఊపడం ఆయనకు అలవాటు. మర్నాడు మోరీ దాటి బండి జనవాడ పోయి వచ్చింది. ఆయన మాత్రం నిమ్మకాయనే నమ్మాడు.

ఆ తర్వాత మంచి రోజులు వచ్చాయి. పెళ్ళివాళ్ళు, రోగులు, పురిటికి పోయే ఆడపిల్లలు, అందరికీ మా మోటరే. నిర్ణా దాకా, భాల్కి దాకా తిరిగేది. మా ఆయన తలపాగా తీసి టోపీ పెట్టుకున్నాడు, నిటారుగా నడవడం నేర్చుకున్నాడు. నాకు మోటరు కంటే అది ఎక్కువ సంతోషం. ఆ నడక చూసి నేను పనులు ఆపి వాకిట్లో నిలబడేదాన్ని.

అది మా బావ కూడా చూశాడు. మామ పోయిన ఏడాది వాటాలు పంచమన్నాడు. పంచడానికి జనవాడ నుంచి పెద్దమనిషి వచ్చాడు. మాకు తాత వరస. ఆయన మాట అంటే మావాళ్ళకు గురి. పొలం చెరి సగం అయింది. ఇల్లు నడిమికి గోడ పడింది. దుకాణం నడిపేది తానే కాబట్టి బావకు పోయింది. ఆఖరికి మోటరు దగ్గరికి వచ్చారు.

"మోటరు నాయిన కొన్నది. పెద్దకొడుకును నేను. అది నాకే రావాలె" అన్నాడు బావ.

మా ఆయన కాలి బొటనవేలితో నేల గీస్తూ కూర్చున్నాడు. అన్నకు ఎదురు చెప్పి ఎరగడు. నేను తలుపు వెనక ఉన్నాను. మగవాళ్ళ పంచాయితీ, పైగా ఎదురుగా బావ, నోరు తెరవడానికి లేదు. పక్కనున్న యారాలి, అంటే బావ భార్య, చెయ్యి పట్టుకుని, "అక్కా, కోళ్ళగూడు అసొంటిదాన్ని నడిచేటట్టు చేసిందెవరో జర అడుగుమను" అన్నాను. ఆమె మంచిది. భర్తకు భయపడుతూనే ఆ మాట బయటికి చేరవేసింది.

బావ నవ్వాడు. "ఏం చేసింది తాతా? ఇంత సబ్బు పెట్టింది. ఒక లగ్గం కార్డు, ఒక చీర పేలిక, ఒక చెంబు మూత. గీ కచరా పెట్టి మోటరు నాదంటే ఎట్ల? ఆమె కచరా ఆమెనే తీసుకపొమ్మను."

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వి, "మోటరు పెద్దోనిది. ఇంట్ల కచరా కోడలిది. ఇగ అయిపాయె, చాయ్ తెండ్రి" అన్నాడు. మా ఆయన తల ఊపాడు.

కచరా అంటే చెత్త. మెకానిక్కుల నోట కూడా అదే మాట. పెట్రోలులో తుప్పు వచ్చినా, కన్నంలో ధూళి పడినా కచరా వచ్చిందంటారు. నేను పుల్లతో తీసి పారేసిందాన్నీ, నేను పెట్టిందాన్నీ ఒకే మాటతో తేల్చేశాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా నాయన చేతి పనిని ఊరంతటి ముందు ఊడ్చి పారేసినట్టు అనిపించింది. ఏడవలేదు. ఏడిస్తే ఆయన గెలిచినట్టే.

వాళ్ళు చాయ్ తాగుతుండగానే చాట తీసుకుని వాకిట్లోకి పోయాను. తాత తీర్పు ఇచ్చాడు కదా, నా సొత్తు నేను తీసుకోవాలి. బీడీలు ఆర్పమని వేపచెట్టుకు చెప్పాను. ట్యాంకు కింద తొట్టి పెట్టి సబ్బంతా గోకి తీశాను. పెట్రోలు వాళ్ళది, ఒక్క చుక్క నేల పాలు చేయలేదు. పేచ్‌కస్సుతో కార్బొరేటరు విప్పి లగ్గం కార్డు తీసుకున్నాను. చీర మడత పెట్టుకున్నాను. మరచెంబు మూత విప్పుకున్నాను. కళాయి బొట్టు మాత్రం వదిలేశాను, అది కళాయివాడి చేతిది. నా చాట నిండింది. బావ మళ్ళీ నవ్వి, "బండి సాఫ్ అయింది" అన్నాడు.

ఆ వారమే మా ఆయన అన్న దుకాణంలో పనికి కుదిరాడు. టోపీ మేకుకు తగిలించి, వీపు మీద గోనె వేసుకుని జొన్న సంచులు మోశాడు. సాయంత్రం వచ్చి నీళ్ళు పోసుకుంటుంటే వీపంతా గీతలు. మళ్ళీ తల వంచుకుని నడవసాగాడు. నేను ఆ వీపుకు నూనె రాస్తూ బావను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పేవి కావు. త్రాచుపాము పగ పన్నెండేళ్ళంటారు. అది తక్కువే అనిపించింది నాకు.

బావ మోటరుకు బాగానే ఖర్చు పెట్టుకున్నాడు. ట్యాంకు అతికించాడు, అట్టలు కొత్తవి కోయించాడు. మెకానిక్కు దాన్ని లేపాడు కూడా. మూత మాత్రం మామూలుది పెడితే ఎట్లా? చెంబు మూతను చూసి నవ్విన మనిషి కదా. బీదరు వాడినన్న షోకు ఒకటి. బిద్రీ పనివాడికి చెప్పి నల్లటి మూత చేయించాడు, మీద వెండి పూలతీగె పొదిగించాడు. ఆ పనివాళ్ళ చేతికి వంకలేదు. పాన్‌దాను మూత ఎంత బిర్రుగా కూర్చుంటుందో అంత బిర్రుగా కూర్చుంది. గాలి కాదు కదా, దాని తాత కూడా దూరడు. బావ దాన్ని వచ్చినవాళ్ళందరికీ తిప్పి తిప్పి చూపించాడు. నేను గోడ పక్కనుంచి చూసి, లోపలికి పోయి కడుపారా అన్నం తిన్నాను.

జనవాడ తాత మనవరాలి పెళ్ళికి ఊరేగింపు మా మోటరులోనే అని బావ మాటిచ్చాడు. పొద్దున్నే పట్టు కండువా వేసుకుని, మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. మధ్యాహ్నానికి మోటరు తిరిగి వచ్చింది. ముందు రెండు ఎడ్లు, వెనక బండి, స్టీరింగు పట్టుకుని బావ. బజారంతా చూసింది. నేను గుమ్మంలో నిలబడి, కొంగు నిండుగా కప్పుకుని, కొంగు లోపల నవ్వాను. మా ఆయన దుకాణం నుంచి పరుగున వచ్చి ఎడ్లను విప్పాడు.

"ఎక్కడ ఆగింది అన్నా?"

"జనవాడ తొవ్వల. మోరీ కాడ."

మా ఆయన మొహం పాలిపోయింది. "నేను అప్పుడు నిమ్మకాయ కోసిన. నువ్వు గిట్ల కోయి. ఆ జాగా మంచిది కాదు" అన్నాడు. బావ తట్టెడు నిమ్మకాయలు, కొబ్బరికాయ పట్టుకుని మోరీ దగ్గరికి పోయి వచ్చాడు. మర్నాడు బండి మళ్ళీ అక్కడే ఆగింది. ఆగినప్పుడల్లా మెకానిక్కు మొట్టమొదట ఆ పూలతీగె మూత తీసి పెట్రోలు చూసేవాడు. అప్పుడే గాలి లోపలికి పోయేది. అది తెలియక కార్బొరేటరు విప్పి, తుడిచి, బిగించి, "తేల్ మే కచరా హై సేఠ్" అని, పెట్రోలులోనే చెత్త ఉందనేవాడు. బండి లేచేది, ఇంకాస్త దూరం పోయి చచ్చేది. ఆ కచరా అనే మాట వింటేనే బావ మెకానిక్కు మీద ఎగిరేవాడు.

యారాలు గోడ దగ్గరికి వచ్చి, "చెప్పరాదె చెల్లె, ఏం చేసినవో" అంది. "కచరా ఏరుకునేదానికి ఇంజను సంగతి ఏమెరుక అక్కా" అన్నాను. మా ఆయన అడిగాడు. "నేను అప్పుడే చెప్పిన గదా" అన్నాను. నిజమే కదా. ఆయన కాసేపు ఆలోచించి, "నిమ్మకాయ మీద కుంకుమ తక్కువైందేమో" అన్నాడు. దేవుడు నాకిచ్చిన మొగుడు అలాంటివాడు, నేనేం చేయను.

చివరికి బావే మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "తమ్మీ, నీ పెండ్లాన్ని జర అడుగు" అన్నాడు, నాకు వినబడేట్టు. నేను పొయ్యి వైపు తిరిగి, "పొయ్యీ, పెద్దోళ్ళ ముంగట ఆడది ఎట్ల మాట్లాడుతది? మర్యాద కాదు గదా" అని ఊదుగొట్టం అందుకున్నాను. పొగ గుమ్మం దాకా పోయింది. బావ దగ్గుకుంటూ వెళ్ళాడు.

కోళ్ళు మళ్ళీ వెనక సీటు ఎక్కాయి. ఒకరోజు జనవాడ తాత బీదరులో పని మీద వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. మెకానిక్కు ఇంజను మీద వంగి ఉన్నాడు, మళ్ళీ అదే మాట అన్నాడు. పెళ్ళిలో మీ మోటరు ఏమైందని తాత అప్పుడే అడిగాడు. అంతే, బావకు తల తిరిగిపోయింది. లేచి బండిని కాలితో తన్నాడు.

"ఇది మోటరు కాదు తాతా, కచరా. ఒట్టి కచరా. ఎవరన్న ఊకనే ఎత్తుకపోండ్రి, నాకు పీడ పోతది."

నేను చాట పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. చాటలో మరచెంబు మూత ఉంది. తాత వరస కాబట్టి ఆయనతో మాట్లాడొచ్చు. నా జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"తాతా, ఇంట్ల కచరా ఎవరిదని తీర్పు చెప్పినవ్?"

ఆయన నన్ను చూశాడు, చాటను చూశాడు. "కోడలిది" అన్నాడు.

"ఇప్పుడు బావ దేన్ని కచరా అన్నడు?"

తాత మోటరు వైపు తిరిగాడు. ముందు మీసాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. పక్కింటివాళ్ళు కూడా గోడ మీద చేతులు పెట్టుకుని వింటున్నారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది పెద్దోడా. రెండుసార్లూ నీ నోరే అన్నది. ఇగ నన్నేం అడుగుతవ్" అన్నాడు తాత.

నేను పూలతీగె మూత తీసి చాటలో వేసుకుని, నా మూత బిగించాను. మా ఆయన లోపలికి పోయి టోపీ పెట్టుకుని వచ్చాడు. హ్యాండిలు ఒక తిప్పుకే బండి లేచింది. తాతను ఎక్కించుకుని జనవాడ దారి పట్టింది. అది మోరీ దగ్గర ఆగుతుందని బావ వేపచెట్టు కింద నిలబడి ఎదురుచూశాడు. ఎండ గోడ ఎక్కేదాకా కదల్లేదు. తాతను వాళ్ళ ఇంట్లో దించి మా ఆయన ఒక్కడే తిరిగి వచ్చి, హారను కొట్టి, నిటారుగా దిగాడు. మర్నాటి నుంచి సంచులు మోయడానికి పోలేదు.

రాష్ట్రం పేరు కర్ణాటక అయ్యాక కూడా ఆ మోటరు కొన్నేళ్ళు నడిచింది. బావ పండగలకు, చావులకు మా ఇంటికి వచ్చేవాడు. భోజనం ముందు చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోతే, అక్కడ సబ్బు ఉండేది వెండి పూలతీగె మూతలో. వెల్లకిలా పెడితే సబ్బుబిళ్ళకు సరిగ్గా సరిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆయన చెయ్యి ఆగింది. తర్వాత అలవాటు పడ్డాడు, లేదా పడ్డట్టు నటించాడు.

ఆఖరిసారి వచ్చినప్పుడు బాగా ముసలివాడయ్యాడు. తడి చేతులతో, ఎప్పుడూ లేనిది నేరుగా నన్నే చూసి, "ఒక్క మాట చెప్పమ్మా. అది మోరీ కాడ ఎందుకు ఆగేది?" అన్నాడు. చుట్టూ ఎవరూ లేరు. చెప్పొచ్చు. మేకు పట్టేంత కన్నం, అంత మాట.

నేను కొంగు నుదుటి దాకా లాక్కుని, తల వంచి, ఆయనకు తువ్వాలు అందించాను. బయటికి పోయి మా ఆయనతో అన్నాడట: "మంచి పిల్లరా. ఇప్పటికి గూడ నా ముంగట నోరు తెరవది."